చిన్నమ్మని ఎవరూ అడగలేదు

పోయిన నెలలో ఒక ఆదివారం వాషింగ్ మెషీన్ కొందామని నేనూ మా ఆవిడా శ్రీకాకుళంలో ఒక పెద్ద షాపుకి వెళ్లాం. మా ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఉతికిన, మడత నలగని తెల్ల చొక్కా, చంకలో గొడుగు. డీవీడీ ప్లేయరు ఉందా అని అడిగాడు. కౌంటరులో మనిషి పక్కవాడి వైపు ఓ చూపు చూసి, "ఇవింకా ఎవరు వాడుతున్నారు తాతగారూ?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన కూడా ఏదో తప్పు చేసినవాడిలా నవ్వేసి, గొడుగు సర్దుకుని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అడిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఎవరు వాడుతున్నారని అడగడమేమిటి? ఆయన వాడుతున్నాడు కాబట్టే కదా వచ్చాడు. లేదంటే లేదని చెప్పు, దొరికే చోటు తెలిస్తే చెప్పు. నవ్వే హక్కు నీకెవరిచ్చారు? ఈ మాటలన్నీ ఆ మనిషితో గట్టిగానే అన్నాను. జనం మూగారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. మెషీన్ కొననే లేదు. ఆటోలో కూర్చున్నాక ఆవిడ నెమ్మదిగా, నీ కోపం ఆ అబ్బాయి మీద కాదులే, అంది.

నిజమే. మూడేళ్ల క్రితం అలాంటి షాపులోనే నిలబడి అలాంటి నవ్వే నేనూ నవ్వాను. అప్పుడు నా పక్కనున్నది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. గరివిడిలో ఉండేది. కిందటేడు వానలు మొదలయ్యాక పోయింది. ఆవిడకి చూపు లేదు. ఈ ముక్క ఇంత ముందుగా రాసినందుకు బతికుంటే నన్ను తిట్టేది. ఎవరికైనా తనని పరిచయం చేస్తూ ముందా మాట చెబితే ఆవిడకి గిట్టేది కాదు. "నీ పేరు సెప్పీగానే నీ బట్టతల గురించి సెప్తన్నానేటి నాను?" అనేది.

పుట్టుకతో లేకపోవడం కాదు. పద్నాలుగో ఏట రేచీకటి మొదలయింది. తర్వాత పక్క చూపు తగ్గింది, గొట్టంలోంచి చూస్తున్నట్టు అయింది. ఇరవై నాలుగు నిండేసరికి ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. కాబట్టి ఆవిడకి రంగులు తెలుసు, మొహాలు తెలుసు, నాగావళికి వరదొచ్చినప్పుడు నీళ్లు ఎలా ఉంటాయో తెలుసు. ఇరవై నాలుగేళ్ల వరకూ చూసిన సినిమాలు ప్రతి సీనూ తెలుసు. చూపు పోయాక కూడా సినిమా చూస్తున్నాను అనే అనేది, వింటున్నాను అని ఏనాడూ అనలేదు. ఎవరైనా దిద్దబోతే వాళ్ల వైపు తల తిప్పి ఊరుకునేది. ఆ తల తిప్పడం చాలు, ఎదుటి మనిషి మాట మింగేసేవాడు.

ఆవిడ డీవీడీ ప్లేయరు వెండి రంగుది. పైన గీతలు పడి ఉండేది. టీవీ కింద చెక్క అరలో, దుమ్ము పడకుండా ఒక చేతిగుడ్డ కప్పుకుని కూర్చునేది. గరివిడిలో ఫ్యాక్టరీ దుమ్ము సంగతి అక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున్న అర తుడవడంతోనే ఆవిడ రోజు మొదలయ్యేది. డిస్కులు అరవై పైగా ఉండేవి. ప్రతి కవరుకీ మూలన చిన్న బెజ్జం చేసి దారం కట్టింది. పాత సినిమాలకి నూలు దారం, కొత్తవాటికి నైలాను. నవ్వించేవాటికి ఒక ముడి, ఏడిపించేవాటికి రెండు, దేవుడి సినిమాలకి మూడు. నాలుగు ముళ్లంటే ఎవరికీ అరువిచ్చేవి కావు. డిస్కు ఏ వైపు పైకుండాలో తెలియడానికి మధ్య చిల్లు పక్కన చిన్న స్టిక్కరు బొట్టు అంటించేది. పెళ్లి చేసుకోలేదు, తను బొట్టు పెట్టుకోవడం ఏనాడో మానేసింది. "నా నుదురు కాళీగా ఉన్నా పరవానేదు, ఈటికుండాల" అనేది.

డిస్కుని అంచులు పట్టుకుని తీసేది. మీద ఒకసారి ఊది, చీర కొంగు లోపలి వైపుతో మధ్య నుంచి అంచుకి నిటారుగా తుడిచేది. నేను గుండ్రంగా తుడవబోతే చేతి మీద ఒక్కటిచ్చేది. గుండ్రంగా తుడిచి గీత పడితే పాటంతా పోతుంది, నిటారుగా తుడిస్తే ఒక మాటే పోతుంది, అని ఆవిడ లెక్క. ట్రే లోపలికి వెళ్లే చప్పుడు చెవి ఒగ్గి వినేది. అది మెత్తగా వెళితే ఆ పూట బాగా నడుస్తుందని ముందే చెప్పేసేది. ఆ తర్వాత రిమోటు. పైనుంచి మూడో వరసలో మధ్యది ప్లే, దాని కిందది ఆపేది, కుడి పక్కది తర్వాతి భాగానికి దూకేది. నేను కళ్లతో వెతుక్కునేలోగా ఆవిడ బొటనవేలు వెళ్లి కూర్చునేది. సాయం చెయ్యబోతే ఒకటే మాట: "ఆగు. నా సేతికి తెలుసు."

మధ్యాహ్నం పనులయ్యాక పక్కింటి పైడమ్మ వచ్చేది. మార్కెట్లో కూరగాయలమ్మే మనిషి, చిన్నమ్మకంటే నాలుగైదేళ్లు చిన్న. ఆవిడ వెంట ఇంకో ఇద్దరు. చిన్నమ్మ ఇంట్లో సినిమా వేసేది చిన్నమ్మే. ఏది వెయ్యాలన్నది కూడా ఆవిడ ఇష్టమే. వాళ్లు కళ్లు తుడుచుకోవడానికి కాస్త ముందుగా, "ఇప్పుడొస్తాది, సూడండి" అని హెచ్చరించేది.

ప్లేయరు రాకముందు ఆవిడకి ఎస్టీడీ బూతు ఉండేది. ఫ్యాక్టరీ గేటుకి కొంచెం ఇవతల, వికలాంగుల కోటాలో వచ్చింది. ఆ బూతు నేను కాలేజీ రోజుల్లో చూశాను. ఆదివారం పొద్దున్న ఒరిస్సా నుంచి వచ్చిన కూలీలు ఇళ్లకి ఫోను చేసుకోవడానికి వరస కట్టేవాళ్లు. వాళ్లు కూర్చునేందుకు చిన్నమ్మ బల్ల వేయించింది. వాళ్ల ఊళ్లలో మనిషిని పిలిచిపెట్టే పక్కిళ్ల పీపీ నంబర్లు ఆవిడకి నోటికి వచ్చు. పేరు చెప్పక్కర్లేదు, గొంతు వినగానే డయల్ చేసేసేది. ఒకరోజు నేనక్కడ ఉండగా బూట్లు టకటకమంటూ ఒకాయన వచ్చి, బల్ల మీద కూర్చున్నవాళ్లని చూడనట్టే దాటి, ఫోను మీద చెయ్యి వేశాడు. చిన్నమ్మ ఫోను తన వైపు లాక్కుంది.

"బూట్లాయినా, మీ ముందర ముగ్గురున్నారు."

ఆయన నవ్వి, నీకెలా కనబడ్డారమ్మా ముగ్గురు, అన్నాడు.

"నాకినబడినారు. మీకు కనబడి కూడా తెలవలేదు కదా" అంది చిన్నమ్మ. ఆయన వరసలో నిలబడ్డాడు. ఆవిడ ఆయన నంబరు కూడా ఆ తర్వాత మర్యాదగానే కలిపింది.

సెల్‌ఫోన్లు వచ్చి బూతు మూతపడింది. అప్పుడు చిన్నమ్మకి నలభై అయిదు దాటలేదు. చుట్టాలందరూ ఒక్క మాటే అన్నారు: పోనీలే, హాయిగా విశ్రాంతి తీసుకో. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నలభై అయిదేళ్లకి విశ్రాంతి ఎవరడిగారు? రోజుకి వందమందితో మాట్లాడే మనిషిని, ఊరి వార్తలన్నీ తన చెవిలోంచి నడిచిన మనిషిని, ఇంట్లో కూర్చోబెట్టి అది వరంలా చెప్పారు. ఆవిడ అప్పుడు ఏడవలేదు. బూతు తలుపుకి తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెడుతూ అంది: "కొత్తది ఒచ్చినప్పుడల్లా మీకు సుకం. నాకు సెలవు."

ఆ మాట నేను విన్నాను. విని, మరిచిపోయాను. నేను మరిచిపోయానన్నది ఈ వ్యక్తిచిత్రంలో చిన్నమ్మ కంటే నా మొహమే ఎక్కువ కనబడే చోటు. అయినా చెప్పాలి.

మూడేళ్ల క్రితం ఉగాది వెళ్లాక ప్లేయరు మొరాయించడం మొదలుపెట్టింది. సినిమా మధ్యలో గుర్రుమని ఆగేది, మాట మీద మాట పడేది. నేను వెళ్లినప్పుడు, దీని కాలం అయిపోయింది చిన్నమ్మా, స్మార్ట్ టీవీ తీసుకుందాం, ఏ సినిమా అడిగితే ఆ సినిమా వస్తుంది అన్నాను. ఆవిడ వద్దనలేదు. ఇది అందరూ గమనించాలి. ముసలివాళ్లు కొత్తదంటే భయపడతారని మనం అనుకుంటాం కదా, ఆవిడ భయపడలేదు. అడగాల్సినవి అడిగింది. మీటలు చేతికి తెలుస్తాయా? ఇవాళ ఉన్నచోట రేపు కూడా ఉంటాయా? సినిమా ఒకచోట ఆపి, అంతకుముందు మాటకి వెనక్కి వెళ్లాలంటే ఎలాగ? అవన్నీ అలవాటైపోతాయి అన్నాను. నప్పని పెళ్లి సంబంధానికి పెద్దలు చెప్పే మాట ఇది.

చూసి నిర్ణయిద్దామని విజయనగరం తీసుకెళ్లాను. షాపులో అమ్మే ఆయన నాతోనే మాట్లాడాడు. ఆవిడకి ఏం కావాలంటున్నారు, ఆవిడ సీరియల్స్ చూస్తారా, ఆవిడ ఒక్కరే ఉంటారా? చిన్నమ్మ అతని గొంతు వచ్చిన వైపే తిరిగి నిలబడి ఉంది. నేనూ ఆవిడ తరఫున జవాబులిస్తూ పోయాను. రిమోటు ఇమ్మంది. చేతిలో పెట్టారు. సన్నగా, పలకలా, మీటలు అరడజను కూడా లేకుండా ఉంది. దాని మీద బొటనవేలు అటూ ఇటూ తిప్పి, "మిగతాయి ఎక్కడున్నాయి బాబూ?" అని అడిగింది. తెర మీద ఉంటాయండీ అన్నాడతను. తెర మీద ఉంటే నాకెలా తెలుస్తుందని అడిగింది. అప్పుడతను నా వైపు చూసి నవ్వాడు. నేను కూడా నవ్వాను.

అదీ నేను చెప్పిన నవ్వు.

చిన్నమ్మకి నవ్వులు కూడా వినబడతాయి. రిమోటు తిరిగిచ్చి, "నాలుగు రోజులాగు. ఆలోసించుకుంటాను" అంది.

నేను ఆగలేదు. ఆఫరు ఆదివారంతో ఆఖరు. పాత టీవీ, పాత ప్లేయరు ఇచ్చేస్తే కొత్తది పెద్ద సైజులో వస్తుంది. ఆ శనివారం చిన్నమ్మ పైడమ్మ కూతురి సీమంతానికని చీపురుపల్లి వెళ్లింది. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. మనిషి వచ్చేసరికి ఆశ్చర్యపోవాలని టీవీ గోడకి బిగించేశాను. పాత టీవీ, ప్లేయరు ఆటోలో షాపుకి పంపేశాను. డిస్కులు ఒక అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టాను. దొంగ కూడా ఇంత పద్ధతిగా చెయ్యడు.

సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. చెప్పులు విప్పి తిన్నగా అర దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఖాళీ చెక్క మీద ఎడమ నుంచి కుడికి నడిచింది. మళ్లీ కుడి నుంచి ఎడమకి.

"ఏదిరా?"

నేను పండగ మొహంతో కొత్త టీవీ వేశాను. గది నిండా బొమ్మ. పైడమ్మ ఓలమ్మో అని గుమ్మంలోనే నిలబడిపోయింది. దీంట్లో నోటితో అడిగితే చాలు చిన్నమ్మా, మీటలతో పనే లేదు అని రిమోటు ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఆవిడ ఏ కళనుందో, నా మాట తీసెయ్యకుండా అడిగింది. పాత సినిమా సూడాల, అంది. టీవీ ఆలోచించి సోడా తయారు చేసే వీడియో పెట్టింది. ఇంకోసారి అడిగింది. ఈసారి ఎవరో కేకలేస్తున్న వార్తలు వచ్చాయి. మూడోసారి నేను రిమోటు లాక్కుని పుస్తకంలో రాసినట్టు "పాత సినిమా చూడాలి" అన్నాను. వెంటనే వరసగా సినిమాలు వచ్చాయి.

"ఇలా మాట్లాడాలి చిన్నమ్మా" అన్నాను.

నా జీవితంలో నేనన్న మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకోవచ్చంటే ఇదే తీసుకుంటాను. ఎవరికి నేర్పుతున్నాను మాట? నాకు మాటలు వచ్చింది ఆవిడ ఒళ్లో. శ్రీకాకుళం ఆఫీసులో కూర్చుని నా నోరు నేను కడుక్కున్నాను సరే, ఆవిడ నోరు కడగడానికి నేనెవర్ని? నాలుగు జిల్లాల జనం మాట్లాడే మాట వినబడని యంత్రాన్ని తయారుచేసి, అది తెలివైనదని పేరు పెట్టి అమ్ముతున్నవాళ్ల మీద రావలసిన కోపం, మా చిన్నమ్మ నాలుక మీదికి ఎందుకు మళ్లింది?

చిన్నమ్మ గొంతు పెంచలేదు. "నా నోరు బాగానే ఉన్నాది. దాని సెవులు బాగోనేవు. పట్టుకెళ్లి సెవులు మార్పించు" అంది.

పైడమ్మ నవ్వింది. నేనూ నవ్వి తప్పించుకోబోయాను. చదివి వినిపించే సదుపాయం ఉందేమోనని సెట్టింగుల్లో వెతికి ఏదో నొక్కాను. టీవీ ఇంగ్లీషులో గడగడా చదవడం మొదలుపెట్టింది. చిన్నమ్మ తల వంచి కాసేపు విని, ఈ మనిషిది ఏ ఊరు అని అడిగింది. తర్వాత అసలు సంగతికొచ్చింది. పాతది ఎక్కడుందని అడిగింది. ఇచ్చేశానన్నాను. ఎవరికి అంది. షాపువాళ్లకి, ఎక్స్ఛేంజిలో, అన్నాను.

"నా వస్తువు నువ్వు ఇచ్చీసినావు."

అది ప్రశ్న కాదు. నీ కోసమే కదా చిన్నమ్మా అన్నాను. ఈ లోకంలో జరిగే దౌర్జన్యాల్లో సగం ఆ మాట చెప్పుకునే జరుగుతాయని నాకప్పటికి తెలీదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి నాకోసం అన్నం వార్చింది.

తర్వాత రెండు వారాలు ఫోను చేస్తే బాగున్నాను అని పెట్టేసేది. ఒక మంగళవారం పొద్దున్న ఆఫీసులో ఉండగా పైడమ్మ ఫోను చేసింది. చిన్నమ్మ ఇంటికి తాళం వేసి ఉందట. చేతికర్రా లేదు, గుడ్డసంచీ లేదట. వీధి చివర ఆటో ఆయన్ని అడిగితే స్టేషన్లో దింపానని చెప్పాడట, విజయనగరానికి టికెట్ కూడా తనే తీసిచ్చాడట.

ఒంటరిగా రైలెక్కింది. నేను సెలవు పెట్టి, దొరికిన బస్సెక్కి, దారంతా ఆవిడ ఎక్కడో పట్టాల పక్కన పడిపోయినట్టే ఊహించుకుంటూ విజయనగరంలో దిగాను. స్టేషన్లో వెతికాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది. బూతులో బిల్లు కొట్టే మిషను పాడైనప్పుడల్లా విజయనగరం నుంచి ఒక మేస్త్రీ వచ్చి బాగుచేసేవాడు. మార్కెట్ వెనక సందులో అతని కొట్టు. నేనెప్పుడో ఒకసారి వెళ్లాను.

సందులోకి తిరగ్గానే కనబడింది. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసిన మేస్త్రీ లోపలి నుంచి పాత ప్లేయర్లు ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద పెట్టి వైరు తగిలిస్తున్నాడు. చిన్నమ్మ చేతిలో రిమోటు ఉంది. ఆవిడ పాత రిమోటు. నేను ప్లేయరు ఇచ్చేసినప్పుడు రిమోటు సంగతే పట్టించుకోలేదు. అది ఆవిడ దిండు కింద ఉండిపోయింది. ఇప్పుడు ఆ రిమోటుకి పలికే ప్లేయరు కోసం వెతుకుతోంది.

నేను సందు మలుపులోనే ఆగిపోయాను. పిలవబుద్ధి కాలేదు. మొదటిది పలకలేదు. రెండోది దీపం వెలిగింది గానీ ట్రే రాలేదు. మూడోదానికి అదీ లేదు. నాలుగోది తెస్తూ మేస్త్రీ, కొత్త రిమోటే ఇచ్చేస్తాను తల్లీ, ఎందుకీ తంటా అన్నాడు. ఇదే కావాలంది ఆవిడ. నాలుగోది కూడా పలకలేదు. అయిదోదానికి ఆవిడ బొటనవేలు నొక్కగానే, ట్రే చిన్న చప్పుడు చేసి బయటికి వచ్చింది. చిన్నమ్మ చెయ్యి చాచి దాని అంచు తడిమింది. మళ్లీ నొక్కింది, లోపలికి వెళ్లింది. మళ్లీ నొక్కింది. అలా నాలుగైదుసార్లు చేసింది. పెదవులు బిగించుకుని ఉంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

దగ్గరికి వెళ్లి, ఎంత భయపెట్టావు చిన్నమ్మా, తప్పిపోయావనుకున్నాను అన్నాను.

"నానెక్కడ తప్పిపోనాను? నానెక్కడున్నానో నాకు తెలుసు" అంది కళ్లు తుడుచుకుంటూ. "తెలవకపోయింది నీకు."

మేస్త్రీ చెప్పాడు, ఆవిడ తనని ఎలా పట్టుకుందో. ఆయన పాత ఫోను నంబరు ఎప్పుడో తీసేశాడు. కానీ ఆ సందులో మందుల షాపు నంబరు చిన్నమ్మకి గుర్తుంది, బూతు రోజుల్లోది. పైడమ్మ సెల్లులోంచి దానికి చేసి, వాళ్లని అడిగి ఆయన్ని లైన్లోకి తెచ్చుకుందట. నీ దగ్గర పాతవి ఎన్నున్నాయి, ఏ రకానివి, ఏ రోజు ఖాళీగా ఉంటావు, అన్నీ కనుక్కునే బయల్దేరిందట.

సాయంత్రం రైలు కోసం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. ప్లేయరు ఆవిడ ఒళ్లో, దాని మీద రెండు చేతులు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఒరే. ఆ టీవీ కొనకముందు నన్నొక మాట అడిగినావా?"

అడగలేదన్నాను.

"ఎందుకడగలేదు?"

వద్దంటావేమోనని, అన్నాను. ఆ రోజుకి నా నోటివెంట వచ్చిన మొదటి నిజం అది.

"వద్దనడానికి నాకు అక్కు నేదా?" అంది. "బూతు పోనాది, అది నీ సేతిలో నేదు, నా సేతిలో నేదు. ఇది నా ఇంట్లోది. నా సేతిలోది. దీనికైనా నన్నడగాల కదా. నాను ఊఁ అందునేమో కూడా. నాలుగు రోజులు ఆగమన్నాను. నాలుగే."

రైలొచ్చింది. క్షమించమని అడగడం కూడా ఆవిడ చేత ఇంకో పని చేయించడమే అనిపించింది.

ఆవిడ మొండిదీ కాదు, పాతకాలం మనిషీ కాదు. ఇంటికొచ్చాక, కొత్త టీవీ పీకేస్తానని నేనంటే వద్దంది. పైడమ్మకి బొమ్మ పెద్దగా కనబడుతుంది కదా, ఉండనిమ్మంది. మేస్త్రీ ఇచ్చిన వైరుతో ఆ ప్లేయరుని ఆ టీవీకే తగిలించాం. అటక మీది అట్టపెట్టె దింపించి, అరవై చిల్లర డిస్కులూ ముళ్లు తడిమి చూసుకుంటూ తన వరసలో తనే పెట్టుకుంది. ఏం మార్చాలో, ఏం ఉంచాలో తేల్చడానికి ఆవిడకి సరిగ్గా నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత రెండేళ్లకి పైగా ఆ ప్లేయరు ఒక్కనాడు కూడా గుర్రుమనలేదు.

కిందటేడు, ఆవిడ పోవడానికి నెల ముందు, ఒక మధ్యాహ్నం వెళ్లాను. పైడమ్మ రాలేదు, ఇద్దరమే. నాలుగు ముళ్ల సినిమా వేసింది. నలుపు తెలుపుల్లో తీసిన పాత సంసారం కథ. మొగుడు చెప్పకుండా ఇల్లు విడిచి పోతాడు. ఆ సంగతి కోడలు అత్త దగ్గర దాచిపెట్టి, పట్నంలో పనికి వెళ్లాడని చెబుతూ నెట్టుకొస్తుంది. ఆఖర్న అంతా బయటపడ్డాక అత్త, "నాకు ఆ రోజే తెలుసమ్మా" అంటుంది. ఈ ముక్క వచ్చినప్పుడల్లా చిన్నమ్మ మూతి తిప్పేది. ముసల్దానికి ఏమీ తెలీదు, అన్నీ అయ్యాక తెలుసంటుంది, అనేది.

ఆ సినిమా మధ్యలో రెండు నిమిషాలు మాటల్లేవు. వయొలిన్ ఒక్కటే వస్తుంది. చిన్నమ్మ చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఈ సినిమా చూసినప్పుడు సరిగ్గా అక్కడ మా అమ్మమ్మ ఒళ్లో నిద్రపోయిందట. లేచేసరికి రైలు కూత. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసుకున్నా, అక్కడికి రాగానే పక్కనున్నవాళ్లని ఏటి సూపిస్తన్నాడు అని అడిగేది. ఎవరైనా ఒకటే చెప్పేవాళ్లు: ఏం లేదు, ఊరికే మ్యూజిక్కు.

ఆ రోజూ అడిగింది. నా నోట్లో "ఏం లేదు" అప్పటికే సిద్ధంగా ఉంది. చెప్పబోయి, ఎందుకో తెర వైపు చూశాను.

"కోడలు పెరటి గుమ్మంలో కూర్చుంది" అన్నాను. చిన్నమ్మ వెంటనే ఆపేసింది. ఎలా కూర్చుందని అడిగింది. కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోందన్నాను. ప్లే నొక్కింది. "రాళ్లు ఏరి పారెయ్యడం లేదు. బియ్యం గింజలు ఏరి బయటికి విసిరేస్తోంది. రాళ్లు చేటలోనే ఉన్నాయి." మళ్లీ ఆపింది. కోడలికి తెలుస్తోందా అని అడిగింది. తెలీడం లేదు, ఎటో చూస్తోంది, అన్నాను. చిన్నమ్మ ప్లే నొక్కింది. "కోడి ఒకటి వచ్చి ఆ గింజలు తింటోంది. వెనక తలుపు దగ్గరికి అత్త వచ్చింది."

"అత్తా?"

"అత్తే. నిలబడి చేట వంక చూసింది. కోడి వంక చూసింది. పిలవలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, చప్పుడు కాకుండా కోడలి వెనకాల పెట్టి వెళ్లిపోయింది. కోడలు కాసేపటికి చూసుకుని, ఆ నీళ్లతో మొహం కడుక్కుంది. లేచింది."

రైలు కూత వినబడింది. చిన్నమ్మ ఆపింది. రెండు నిమిషాల ముక్క దాటడానికి మాకు అరగంట పట్టింది. రిమోటు ఒళ్లో పెట్టుకుంది.

"అయితే అత్తకి తెలుసన్న మాట" అంది. "నిజంగానే ఆ రోజే తెలుసు. ఇన్నేళ్లూ ఆ ముసల్దాన్ని అబద్ధాలకోరు అనుకున్నానురా."

ఆ తర్వాత నా వైపు తల తిప్పింది.

"ఏం నేదని నువ్వెన్నిసార్లు సెప్పినావు?"

లెక్కపెట్టుకోలేదు చిన్నమ్మా, అన్నాను. ఆవిడ మొదట్నించీ సూద్దాం, అని సినిమాని వెనక్కి తీసుకెళ్లింది.